ఆకు కంటే ముందు పువ్వు

మా పెరటి మామిడిచెట్టు కింద ఏడాదిలో నాలుగు నెలలు బోసిగా కనిపించే ఒక మూర నేల ఉంది. అక్కడ ఏదైనా పూలమొక్క పెట్టుకోవచ్చు కదా అని వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఆ మట్టిలో భూచంపకం దుంపలు నిద్రపోతున్నాయని చెబితే చాలామంది నమ్మరు.

భూచంపకం అల్లం, పసుపుల కుటుంబంలోని బహువార్షికం. ఆగ్నేయాసియా అడవుల నీడ దాని సొంత చోటు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి కెంప్ఫీరియా రొటుండా అని పేరు పెట్టి, 1690 నుంచి 1692 వరకు జపాన్‌లో ఉండి అక్కడి మొక్కలను వర్ణించిన జర్మన్ వైద్యుడు కెంప్ఫర్‌ను తలుచుకున్నాడు. నాకైతే నేలలోంచి పూసే చంపకమన్న పేరే సబబుగా తోస్తుంది.

మొదటిసారి పెద్దమ్మ ఇచ్చిన దుంపలను నేనే పాడుచేశాను. డిసెంబరులో ఆకులు పండి వాలిపోతుంటే మొక్క చచ్చిపోతోందని భయపడి రోజూ నీళ్లు పోశాను. సంక్రాంతి తరువాత కుండీ తిరగేసి చూస్తే దుంపలన్నీ మెత్తబడి కుళ్లిపోయి ఉన్నాయి. "ఆకు పోయాక దాని జోలికి వెళ్లకే" అని పెద్దమ్మ మందలించి, మళ్లీ నాలుగు దుంపలు ఇచ్చింది. ఈసారి ఎర్రమట్టిలో ఇసుక, మాగిన ఆకు ఎరువు కలిపి, నీరు నిలవని చోట, ఉదయపు ఎండ మాత్రమే తగిలేలా రెండు అంగుళాల లోతున నాటాను.

మరుసటి ఏప్రిల్‌లో, ఒక్క ఆకైనా లేకుండానే, ఎండుటాకుల మధ్య నేల మీద పువ్వు విచ్చుకుంది. పైన రెండు తెల్లని రేకులు, కింద రెండుగా చీలిన లేత ఊదా రంగు పెదవి. నిజానికి రేకులుగా కనిపించే ఆ నాలుగూ రూపు మారిన కేసరాలే, అసలు ఆకర్షణ పత్రాలు సన్నని తెల్లని పీలికల్లా వెనకే ఉండిపోతాయి. పరిమళం మాత్రం వంగి, దాదాపు మోకరిల్లి ఆస్వాదించాలి. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది, కాని అదే గుత్తిలోంచి మర్నాడు మరొకటి విచ్చుకుంటుంది.

తొలకరితో ఆకులు వస్తాయి. పైన ఈకను అద్దినట్టు ముదురు, లేత ఆకుపచ్చల చారలు, అడుగున వంకాయ రంగు. పూలు లేకపోయినా ఆ ఆకుల కోసమే దీన్ని పెంచవచ్చునని నా అభిప్రాయం. నత్తలదీ అదే అభిప్రాయం.

ఇప్పుడు నిద్రకాలం. గుర్తు కోసం చుట్టూ పెంకుముక్కలు పాతాను. అయినా మొన్న తోటపనికి వచ్చిన అబ్బాయి, ఖాళీ జాగా కదా అని, అక్కడ వంగనారు పెట్టబోయాడు.