బెంజ్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది బెర్తా

మెర్సిడెస్ బెంజ్ అనగానే అందరూ ఆ స్టార్ లోగో గురించీ రేటు గురించీ మాట్లాడతారు, నాకు మాత్రం బెర్తా బెంజ్ గుర్తొస్తుంది. 1886 జనవరిలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ అప్లై చేశాడు గానీ జనం దాన్ని పెద్దగా నమ్మలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఆయనకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న వాళ్లమ్మ దగ్గరికి బయల్దేరింది, దాదాపు 100 కిలోమీటర్లు! అప్పట్లో పెట్రోల్ బంకులెక్కడివి, వీస్‌లోఖ్ ఊళ్లో మందుల షాపులో లిగ్రోయిన్ అనే ద్రావకం కొని పోసుకుంది, ఫ్యూయల్ పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి క్లీన్ చేసింది, బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలు వేయించింది. ఎత్తు వస్తే దిగి తోయడమే. ఎంత గుండె ధైర్యమో చూడండి.

డైమ్లర్ అనే ఇంకో కంపెనీ తన కార్లకి పెట్టుకున్న మెర్సిడెస్ పేరు ఎమిల్ యెలినెక్ అనే కార్ల వ్యాపారి కూతురిది, 1926లో డైమ్లర్, బెంజ్ కంపెనీలు కలిసిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే కంపెనీ వేలమంది చేత బలవంతంగా చాకిరీ చేయించుకుంది, ఆ మాట దాటేసి హిస్టరీ చెప్పడం నాకు నచ్చదు.

కానీ సేఫ్టీ పేరు మాత్రం ఊరికే రాలేదండీ. గుద్దినప్పుడు ముందు భాగం నలిగి లోపలి మనుషుల్ని కాపాడే డిజైన్ వీళ్ల ఇంజనీర్ బేలా బరేనీది, 1959లోనే వీళ్ల కార్లలో వచ్చేసింది.