వీడియోలు చూస్తూ టోమహాక్ సాధన

టోమహాక్ అంటే ఉత్తర అమెరికా ఆదివాసుల చేతిగొడ్డలి. దాని వీడియోలు వెతికితే ముందు వచ్చేవన్నీ విసరడం గురించే. నాకు దాని మీద మోజు లేదు. చేతిలో ఉన్న ఒక్క ఆయుధాన్నీ విసిరేస్తే తర్వాత దేనితో పోరాడాలి?

నేను నేర్చుకుంటున్నది చేతిలో ఉంచుకుని పోరాడే పద్ధతి, అదీ రబ్బరు టోమహాక్‌తో. కత్తికి అలవాటుపడ్డ మణికట్టుకి ఇది మొదట్లో అస్సలు లొంగదు. బరువంతా కామ చివరే ఉంటుంది కాబట్టి వేటు తప్పితే చెయ్యి కూడా దాని వెంటే పోతుంది. బలవంతంగా ఆపితే మోచెయ్యి నొప్పి పుడుతుంది. ఆపకుండా 8 అంకెలా తిప్పుతూ తర్వాతి వేటులోకి తెచ్చుకోవాలి. ఎదుటివాడు మరీ దగ్గరికొస్తే గొడ్డలి తల కిందనే పట్టుకుని పిడికిలితో గుద్దినట్టు వాడొచ్చు. నాకు బాగా నచ్చింది మాత్రం కొక్కెం పని: గొడ్డలి తల కింది వంపుతో ఎదుటివాడి మణికట్టుని పట్టి పక్కకి లాగేయడం.

‘ప్రాచీన యుద్ధవిద్య’ అంటూ మొదలుపెట్టే వీడియోలంటే నాకు అనుమానమే. 1757లో ఉత్తర అమెరికాలో బ్రిటిష్‌వాళ్ల తరఫున రేంజర్లనే అడవి దళాన్ని నడిపిన రాబర్ట్ రోజర్స్ ఆ దళం నియమాల్లో తుపాకీ, 60 తూటాలతో పాటు చేతిగొడ్డలీ ఉండాలన్నాడు గానీ, దాన్ని ఎలా తిప్పాలో రాయలేదు. ఇప్పటి పాఠాల్లో ఫిలిప్పీన్స్ కర్రసాము కదలికలు చాలానే కనిపిస్తాయి. అందులో తప్పేం లేదు, ఆ మాట చెప్తే చాలు.

వీడియో నేర్పలేనిది దూరం. స్క్రీన్‌లోని మనిషి మనం అడుగేస్తే వెనక్కి తగ్గడు. అందుకే ఇప్పుడు మాస్కు, గ్లవ్స్ వేసుకుని ఎదురు నిలబడే మనిషి కోసం వెతుకుతున్నాను.