అద్దం బుగ్గకు అతుక్కుంది

‘వయసైపోయింది కదా మేడమ్, అట్లే ఉంటాది.’ మధ్యాహ్నం విన్న ఈ మాట ఇంకా నన్ను వదల్లేదు. చపాతీలు కాలుస్తూ దాన్నే తలుచుకుంటుంటే ఒకటి మాడింది. అత్తమ్మ ఏమీ అనకుండా దాన్ని తన కంచంలో వేసుకుంది. నా ముఖం చూసే ఉంటుంది. రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు, అందుకే కూర్చున్నా.

పాకాల నుంచి తల్లీకొడుకులు నా పళ్ల క్లినిక్కుకు వచ్చారు. ఊరు మార్చాను, మిగతాది జరిగింది జరిగినట్టే. ఆమెకు డెబ్బై దాటాయి. షుగరు, బీపీ, అరికాళ్ల మంటలు, అప్పుడప్పుడు ఆయాసం. కొడుక్కి తొందర, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారు. ‘ఉండే పళ్లన్నీ పీకేసి సెట్టు పెట్టేయండి మేడమ్, ఫొటోల్లో మాయమ్మ బాగుండాల’ అన్నాడు. కోరికలో తప్పేం లేదు. కానీ నోరు తెరవమని, పళ్లు చూసే చిన్న అద్దం లోపల పెట్టి బుగ్గను పక్కకు జరపబోతే అద్దం అక్కడే అతుక్కుపోయింది. మెల్లగా తిప్పి తీయాల్సి వచ్చింది. నాలుక మీద పెట్టినా అంతే. నాలుక కింద ఎవరికైనా కాస్తో కూస్తో ఎంగిలి నిలిచి ఉంటుంది. ఆమెకు అక్కడ తడే లేదు, తెల్లటి నురగ మాత్రం తీగలా సాగింది. నాలుక ఎర్రగా, నున్నగా, మధ్యలో బీటలు. పెదాల మూలలు పగిలి ఉన్నాయి. పళ్లు నమిలే చోట కాదు, చిగుళ్ల అంచున, మెడ చుట్టూ పుచ్చాయి.

ఎన్నాళ్ల నుంచి నోరు ఇట్లా ఎండుతోందని అడిగాను. ఆమె జవాబు చెప్పేలోపే కొడుకు ఆ మాట అనేశాడు. పైగా ‘నీళ్లు తాగమంటే తాగదు’ అని ఫిర్యాదు. ఆమె చెప్పబోయింది మింగేసి గోడ వైపు చూసింది.

వయసు! ఈ ఒక్క మాటతో ఎంతమంది ముసలివాళ్ల బాధను మూల పెట్టేస్తామో. వయసు పెరిగే కొద్దీ ఎంగిలి ఊరడం కొంత తగ్గితే తగ్గొచ్చు. ఒంట్లో ఇంకే ఇబ్బందీ లేని మనిషికి వయసు ఒక్కదాని వల్లే అద్దం అతుక్కునేంతగా నోరు ఎండదు. ఎండిందంటే వెనకాల ఏదో ఒకటి ఉంటుంది, ఎక్కువసార్లు మాత్రలే ఉంటాయి. షుగరు అదుపు తప్పి ఉండొచ్చు. తలకో మెడకో రేడియేషన్ తీసుకుని ఉండొచ్చు. కళ్లు కూడా ఎండుతున్నాయంటే, 1933లో స్వీడన్ కళ్ల డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ వివరించిన జబ్బేమోనని చూడాలి. ఆమెకు కళ్లలో మంట లేదు, రేడియేషన్ ఊసే లేదు. ఇవన్నీ అడగడానికి ఎంతసేపు పడుతుంది? చెయిర్ ఎక్కించి దిగేలోపు అయిపోతుంది. అయినా ఇంతకు ముందు చూపించుకున్న చోట ఎవరూ అడగలేదట. నీళ్లు ఎక్కువ తాగమని పంపేశారట. నాకు ఒళ్లు మండింది.

కొడుకును బయట కూర్చోమన్నాను. ఆమె గంట నుంచీ ఏమీ తినలేదు, తాగలేదు కాబట్టి కొలత కప్పు చేతికిచ్చా. తల కొంచెం ముందుకు వంచి, మింగకుండా, ఐదు నిమిషాల పాటు నోట్లో ఊరిందంతా అందులో ఉమ్మాలి. ఏమీ నమలకుండా ఊరికే కూర్చుంటే నిమిషానికి సుమారు 0.3 మి.లీ. ఊరడం మామూలు. 0.1 కంటే తగ్గితే నిజంగానే తక్కువని లెక్క. అంటే ఐదు నిమిషాలకు అర మి.లీ. కూడా రానట్టు. ఆమెకు ఒకరి ముందు ఉమ్మడం సిగ్గు. కొంగు అడ్డం పెట్టుకుంది. నేను సామాన్లు సర్దుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డా. టైము అయ్యాక చూస్తే కప్పు అడుగు తడిసింది అంతే, మొదటి గీతకు చాలా కిందే ఉంది.

నోరు ఎండినట్టు అనిపించడం వేరు, నిజంగా ఊట తగ్గడం వేరు. ఒకటి ఉన్నవాళ్లకు రెండోది ఉండాలని లేదు. అందుకే కొలవాలి, అడగాలి కూడా. 1987లో ఫాక్స్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు పెట్టిన ప్రశ్నలు మేమందరం చదువుకున్నవే: తినేటప్పుడు నోరు ఎండుతుందా, మింగడం కష్టమా, పొడి తిండికి గుటక గుటకకూ నీళ్లు కావాలా, నోట్లో ఊరేది తక్కువనిపిస్తుందా. మంచి ప్రశ్నలే. కానీ మన ఊళ్లో పెద్దామెను పట్టుకుని ‘పొడి ఆహారం’ అంటే ఏం చెబుతుంది? ‘బొరుగులు తింటావా అవ్వా?’ అని అడిగా.

‘బొరుగులా! యాడమ్మా. అంగిట్లో అతుక్కుంటాయి, వేలు పెట్టి తీసుకోవాల. సంగటైతే మింగుతా, అదీ పులుసు ఎక్కువుంటేనే. ఊరిబిండి నాలిక్కి తగిల్తే మంట. రాత్రిపూట ఎంగిలే ఊరదు మ్మా, కలకండ బుగ్గన పెట్టుకుని పడుకుంటా.’

కొడుకు గదిలో ఉన్నంతసేపూ ఒక్క మాట రాని మనిషి ఇంత చెప్పింది.

కలకండ అనేసరికి మా జేజి దిండు కింది పొట్లం కళ్ల ముందుకొచ్చింది. వేసవి సెలవుల్లో పీలేరు ఇంట్లో, నడవలో, ఆమె మంచం చుట్టూ చాపలేసుకుని పడుకునేవాళ్లం. చీకట్లో కాగితం చప్పుడైతే చాలు, పిల్లలందరం చేతులు చాచేవాళ్లం. అందరికీ తలా ఒక ముక్క పెట్టి, చివరిది తన బుగ్గన పెట్టుకునేది. కథ చెబుతూ చెబుతూ ఆగి, చెంబెత్తి గుక్కెడు నీళ్లు తాగి, పెదాలు తడుపుకుని మళ్లీ అందుకునేది. మమ్మల్ని ఊరించడానికే ఆగుతోందనుకునేవాళ్లం. రానురాను కథలు చిన్నవైపోయాయి. ఆ తర్వాతి వేసవికి ‘మీ అమ్మనడగండి పాపా’ అని అటు తిరిగి పడుకోవడం మొదలైంది. పళ్లు ఒక్కొక్కటే మెడ దగ్గర విరిగాయి. తీపి తిని పోగొట్టుకుందని ఇంట్లో అందరూ అనేవాళ్లు. ఆ తీపి ఎందుకు కావాల్సొస్తోందని ఎవరూ అనుకున్నట్టు లేదు.

మా చిన్నాయన పెళ్లిలో ఆమె బంతిలో కూర్చోలేదు. ఆకలి లేదంది. అందరూ లేచాక వంటింటి మూల పీట వేసుకుని, అన్నంలో మజ్జిగ పల్చగా పోసుకుంది. మజ్జిగ చెంబు నా చేతిలో ఉంది. ‘ఇంకొంచెం పొయ్యి’ అంటూనే ఉంది. ఆకులో ఒక పూరీ మిగిలితే చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పింది, నీళ్లు తాగింది, మళ్లీ తిప్పింది. ముక్క దిగలేదు. ఎవరూ చూడటం లేదనుకుని దాన్ని చేతిలోకి తీసుకుని, కొంగు చివర మూట కట్టేసింది. తలెత్తితే నేను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. పెద్దకొడుకు వచ్చి ‘తిన్నావామ్మా’ అంటే ‘కడుపు నిండా తిన్నా నాయనా’ అంది. ఆమె మంచం పక్కన గాజు సీసాలో రంగురంగుల మాత్రలుండేవి. అవి దేనికో ఇప్పుడు చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు.

మాత్రల దగ్గరికి వస్తా. కొడుకును లోపలికి పిలిచి ఆమె ఏమేం వేసుకుంటోందని అడిగితే ‘షుగరువీ బీపీవీ మేడమ్’ అన్నాడు. అందరూ ఇదే చెబుతారు. ఇంకా గట్టిగా అడిగితే తెల్లది ఒకటి, పచ్చది ఒకటి అంటారు. ఇంటికి ఫోన్ చేయించి అట్టల ఫొటో తెప్పించా. మాత్రలు, చీటీలు దాచే లడ్డూ కవర్‌ను మంచం మీద బోర్లించి కోడలు తీసి పంపింది. రాత్రికి అమిట్రిప్టిలిన్, అరికాళ్ల మంటలకు. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీరు తీసే మందు కలిసి ఉంది. ఇంకో అట్ట హైడ్రాక్సిజిన్, దురదకు. మూడూ నోరు ఎండబెట్టగలిగినవే. ముగ్గురు డాక్టర్లు మూడు చోట్ల రాశారు, ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. ఆ ముగ్గురి దగ్గరికీ ఈమె నోరు ఎండిపోతోందనే చెప్పుకుంటూ తిరిగింది.

ఇక్కడిదాకా రాసి చదువుకుంటే ఆ అబ్బాయి మీద కోపం నిలవడం లేదు. ఆ లడ్డూ కవర్లో చీటీలన్నీ తేదీల వరసలో ఉన్నాయి. పెట్టింది అతనేనట. నీళ్ల సీసా పట్టుకుని ఆమె వెనకాలే నడుస్తున్నాడు. వయసు అనే మాట అతను పుట్టించింది కాదు, వెళ్లిన ప్రతి చోటా విని నేర్చుకున్నది. కోపం ఉండాల్సింది ఆ చెప్పినవాళ్ల మీద.

ఇంకో విషయంలో కూడా నా ఆలోచన మారింది. మధ్యాహ్నం నా కంటికి దోషి అమిట్రిప్టిలిన్. దాన్ని మాన్పించమని వాళ్ల డాక్టరుకు లేఖ రాయాలనుకున్నా. ఇప్పుడు అట్లా అనిపించడం లేదు. ఆ మాత్ర లేని రోజుల్లో పాదాలకు తడిగుడ్డ చుట్టుకుని తెల్లవార్లూ కూర్చునేదట. నోటి కోసం ఆమె నిద్ర ఎట్లా తీసేస్తాను? దురద మాత్ర సంగతి వేరు. అది పది రోజులకని రాసింది. దురద తగ్గిపోయినా, అదే చీటీ చూపించి మెడికల్ షాపులో ఏడాదిగా కొంటూనే ఉన్నారు.

పళ్లు పీకనని చెప్పేశా. పై సెట్టు అంగిటిని పట్టుకుని నిలవాలంటే మధ్యలో పల్చటి ఎంగిలి పొర ఉండాలి. ఈ నోట్లో అది జారుతుంది, ఒరుసుకుని పుండ్లు పడతాయి, పెళ్లి రోజు దాన్ని తీసి సంచిలో వేసుకుంటుంది. బదులుగా పళ్ల మెడల మీద ఫ్లోరైడ్ వార్నిష్ పూశా. మా అసిస్టెంట్ అమ్మాయి అలవాటు కొద్దీ దూది చుట్టను లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపా. తడి లేని నోట్లో దూది అంటుకుపోతుంది, లాగితే పైపొర ఊడి వస్తుంది, ముందు నీళ్లతో తడపాలి. పెదాల మూలల్లో, నాలుక మీద ఫంగస్ ఉంది, దానికి క్లోట్రిమజోల్. కలకండ బదులు చక్కెర లేని జైలిటాల్ బిళ్లలు. రాత్రికి నోరు తడిగా ఉంచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ స్ప్రే. పుక్కిలించడానికి గ్లాసు నీళ్లలో అర చెంచా వంటసోడా. ఉసిరికాయ చప్పరిస్తే ఊరుతుంది కదా అని కొడుకు అడిగాడు. ఊరుతుంది, నిజమే. కానీ పులుపుకు ఎనామిల్, అంటే పంటి పైపొర, పీహెచ్ 5.5 దగ్గర కరగడం మొదలుపెడితే, బయటపడిన పంటి వేరు అంతకంటే తక్కువ పులుపుకే మొదలుపెడుతుంది. ఎంగిలి ఊరించే మందు పైలోకార్పిన్ గుర్తొచ్చింది గానీ ఆయాసం ఉన్న మనిషికి ఇవ్వబుద్ధి కాలేదు. పెళ్లిలో ఆమెను బంతిలోనే కూర్చోబెట్టి, పులుసు గిన్నె, మజ్జిగ పక్కనే పెట్టించమని మాత్రం గట్టిగా చెప్పా.

మంచి సంగతి ఒకటుంది. బుగ్గ లోపల తుడిచి, చెవి ముందు నుంచి వేళ్లతో ఒత్తుకుంటూ వస్తే, పై రెండో దవడ పన్ను ఎదురుగా ఉన్న సన్నటి రంధ్రం దగ్గర కాసేపటికి తేటగా ఒక చుక్క తేలింది. గ్రంథి పని చేస్తోంది. చేతి అద్దంలో ఆమెకూ చూపించా.

వాళ్ల డాక్టరుకు లేఖ ఇప్పుడే రాసి పెట్టా. దురద మాత్ర ఇంకా అవసరమా, బీపీకి నీరు తీసే మందు లేకుండా వేరేది కుదురుతుందా, కాళ్ల మంటల మాత్ర మోతాదు తగ్గించి చూడొచ్చా అని అడిగా. కాగితం పంపితే కవర్లోకే పోతుంది, అందుకని ఫోన్ కూడా చేస్తా. ఆయన రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే దొరుకుతారట. చిన్నదానికి రేపు సైన్సు వాళ్ల నాన్నే చెప్పాలి.