ఈ పూటకి చూడు ప్రభువా

"విశ్వాసం ఉన్నోళ్ళకి కంగారేంటండీ" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండిపోద్ది, నిజంగా. మాది పర్లాకిమిడి, ఒడిశాలోనే ఉంటాం గానీ ఇంట్లో తెలుగే, ఊరు దాటితే పాతపట్నం, అక్కడినుంచి ఆంధ్రా, పెద్ద జబ్బేదైనా వస్తే అయితే బరంపురం లేకపోతే వైజాగ్ పరిగెట్టాలి. పోయినేడు అమ్మ మెడ దగ్గర గడ్డ వచ్చి అలాగే పరిగెట్టాం. ముక్క తీసి టెస్ట్‌కి పంపించారు, రిపోర్ట్‌కి టైమ్ పడతాదన్నారు, ఇంక ఆ మధ్యలో రోజులు నాకు నరకమే. రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకుని ఆ గడ్డ గురించే వెతుక్కుంటా కూర్చునేదాన్ని, ఒకచోట ఏం కాదని రాసుంటది, ఇంకోచోట చదివితే కాళ్ళు చల్లబడిపోతాయి, పక్కన అమ్మేమో గురక పెట్టి పడుకునుండేది!

ఆదివారం మా చర్చి సంఘంలో ప్రార్థన విన్నపాలు చెప్పుకునే టైమ్ ఉంటది, ఒకరు తెలుగులో చెప్తే ఇంకొకరు ఒడియాలో ప్రార్థన చేస్తారు, మాకదేం వింత కాదు. అక్కడ చెప్పుకుంటే ఒకావిడ బయటికొచ్చాక "నీ విశ్వాసం ఏమైపోయిందమ్మా" అనేసింది. ఆవిడే రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మ మీద ఫిలిప్పీ 4:6 పెట్టి వాట్సాప్‌లో పంపిస్తది, దేనినిగూర్చియు చింతపడకుడి అని. మంచి వాక్యమే, కాదన్ను. కానీ అది రాసినప్పుడు అపొస్తలుడు పౌలు సంకెళ్ళలో ఉన్నాడు. అదే పౌలు 2 కొరింథీ 11లో తిన్న దెబ్బలు, మూడుసార్లు ఓడ పగిలిపోవడం, ఆకలి, చలి అన్నీ వరసపెట్టి చెప్పి ఇవి చాలవన్నట్టు సంఘాలన్నిటి గురించిన చింత కూడా రోజూ నామీద ఉందంటాడు. మరి పౌలుకి విశ్వాసం లేదంటామా?

1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త సంగతి చూడండి, ఇంకా పెద్దది. కర్మెలు కొండమీద అగ్ని దిగడం కళ్ళారా చూసినాయన, యెజెబెలు రాణి బెదిరించేసరికి అరణ్యంలోకి పారిపోయి బదరీవృక్షం కింద కూలబడి ఇంక చాలు ప్రభువా, నా ప్రాణం తీసేసుకో అన్నాడు. దేవుడు ఆయన్ని తిట్టలేదు, ప్రసంగం కూడా చెప్పలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి లేపి తిను అన్నాడు, తలదగ్గర రొట్టె, నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి తినిపించాడు. ఆ అధ్యాయం నేను ఆ రోజుల్లో ఎన్నిసార్లు చదివానో.

అయితే నాకు దారి చూపించింది మాత్రం మా వీధిలో పెద్దమ్మ. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి మా గజపతి జిల్లావాళ్ళెవరూ మర్చిపోరు, పెద్దమ్మ ఇంటి రేకులు ఆ రాత్రే లేచిపోయాయి. ఆ రాత్రి ఏమని ప్రార్థన చేసావు పెద్దమ్మా అనడిగితే "ఏటి సేత్తానమ్మా, తెల్లారనీ ప్రభువా అన్నాను, తెల్లారింది. సూస్తే బియ్యం తడిసిపోనాయి, ఈ పూట గంజికి సూడు ప్రభువా అన్నాను, పక్కింటోలు ఎట్టారు. ఇల్లు గురించి అప్పుడడగనేదు" అంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం మన్నా కూడా అంతే కదా, ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు, దాచిపెట్టుకున్నోళ్ళది పురుగు పట్టి కంపు కొట్టింది. మత్తయి 6లో ప్రభువు కూడా అనుదినాహారం అడగమనే నేర్పించాడు, ఆ అధ్యాయం చివర్లోనే రేపటిని గూర్చి చింతింపకుడి అన్నాడు.

అప్పట్నుంచి పొద్దున్న స్టవ్ మీద టీ పెట్టి, అది పొంగేలోపు, నోటితో పైకే చెప్పేదాన్ని. అమ్మకి క్యాన్సర్ రాకుండా చెయ్యి అని కాదు, ఈరోజు బస్సులో అమ్మకి సీటు దొరకనీ, డాక్టర్ గారు సెలవు పెట్టకుండా ఉండనీ, ఈ రాత్రి నాకు నాలుగ్గంటలైనా నిద్ర ఇవ్వు. చిన్నచిన్నవి. భయం పోయిందా అంటే పోలేదు, కానీ రాత్రుళ్ళు ఫోన్ పక్కన పెట్టగలిగాను. ఒక మాట, ఇలా నెలల తరబడి నిద్ర లేకపోతే ప్రార్థనతో పాటు డాక్టర్‌కి కూడా చూపించుకోండి, అదేం తక్కువ విశ్వాసం కాదు.

రిపోర్ట్‌లో టీబీ గడ్డ అని వచ్చింది. మేము బాగా ప్రార్థన చేసాం కాబట్టి అలా వచ్చిందని మాత్రం నేను సాక్ష్యం చెప్పను, ఎందుకంటే మా సంఘంలోనే ఇంకో ఇంటికి రెండో రకం రిపోర్ట్ వచ్చింది, వాళ్ళు మాకంటే ఎక్కువే మోకరించారు. వాళ్ళింటికి వెళ్తే వాక్యాలు చెప్పట్లేదు, ఆ పూటకి కూర వండుకుని పట్టుకెళ్తున్నాను.

అమ్మకి ఆరు నెలల కోర్సు, మందులు గవర్నమెంట్ వాళ్ళు ఫ్రీగానే ఇచ్చారు. ఆ మాత్రలకి మూత్రం ఎర్రగా వస్తదని నర్సమ్మ చెప్పింది గానీ అమ్మ వినలేదనుకుంటా, మర్నాడు పొద్దున్నే బాత్రూమ్ లోంచి ఒకటే కేక. నేను నవ్వుతుంటే "నవ్వకే, ఆ టీ దగ్గర చెప్తావు కదా, ఇది కూడా కలిపి చెప్పు" అంది.