కరివేపాకు మీద పురుగుని వదిలేయండి

మా బెజవాడలో మిద్దెతోట పెట్టుకున్నవాళ్ళు ఎవరు కలిసినా రెండే మాటలు. సీతాకోకచిలుకలు రావట్లేదండీ అని ఒకటి, కరివేపాకుకి పురుగు పట్టింది ఏం మందు కొట్టాలి అని ఇంకోటి. గుక్క తిప్పుకోకుండా ఒకే మనిషి ఈ రెండూ అడుగుతుంటే నాకు నవ్వాగదు, ఎందుకంటే ఆ పురుగే కదా ఈవిడ రావట్లేదంటున్న సీతాకోకచిలుక!

మొన్న కింది ఫ్లాట్ పిన్నిగారు బట్టలు ఆరేయడానికి పైకొచ్చి, "ఏమ్మా, ఆకంతా నమిలేస్తోంటే చూస్తూ ఊరుకున్నావా, వేపనూనె అయినా కొట్టవా?" అన్నారు. దగ్గరికి పిలిచి చూపించాను. లేత చిగురు మీద ఆవగింజంత లేతపసుపు గుడ్డు. పక్క ఆకు మీద పిట్ట రెట్టలా నల్లగా తెల్లగా ఉన్నది పిల్లపురుగు, పిట్టలు రెట్టేలే అనుకుని వదిలేస్తాయని దానికా వేషం. కాస్త పెద్దదైతే ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. దాన్ని పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటు వాసన కొట్టింది. పిన్నిగారు రెండడుగులు వెనక్కేసి "అబ్బో, దీనికి పౌరుషం ఎక్కువేనే" అన్నారు. తర్వాత అది ఏ కొమ్మకో గోడకో నడుముకి దారం చుట్టుకుని వేలాడి, నల్ల రెక్కల మీద తెల్లచుక్కల వరసతో బయటికొస్తుంది. నిమ్మ, బత్తాయి, మారేడు మొక్కల మీదా ఈ కుటుంబం వాళ్ళే ఉంటారు. మొక్క బలంగా ఉంటే మళ్ళీ చిగురేస్తుంది, బెంగ అక్కర్లేదు. మరీ చిన్న మొక్కయితే రెండు పెంచుకోండి, ఒకటి తాలింపుకి, ఒకటి వాటికి.

జిల్లేడు సంగతీ ఇంతే. వినాయక చవితి పత్రికి తప్ప దాన్నెవరూ తలవరు, ఖాళీ స్థలంలో కనబడితే పీకేస్తారు. నారింజరంగు రెక్కలకి నల్ల అంచు ఉండే సీతాకోకచిలుక వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెట్టేది దాని మీదే.

చలికాలం చిక్కుడు పాదుకి పేనుబంక, అంటే చిగుళ్ళకి గుంపుగా అంటుకుని రసం పీల్చే సన్న పురుగులు, పట్టిందనుకోండి, స్ప్రేయర్ తీసే ముందు ఆకు తిప్పి చూడండి. నల్లగా, ఒంటి మీద నారింజ మచ్చలతో, ముళ్ళు ముళ్ళుగా ఒక పురుగు తిరుగుతుంటే అది అక్షింతల పురుగు పిల్ల. దాని తిండే పేనుబంక. చూడ్డానికి బాగోదు కాబట్టి జనం ముందు దాన్నే చంపుతారు. మందు కొడితే పేనుబంకా చస్తుంది, దాన్ని తినేదీ చస్తుంది, కానీ పేనుబంక త్వరగా మళ్ళీ పుట్టుకొస్తుంది, దాన్ని తినేది అంత త్వరగా రాదు. ఇక మీరు వారం వారం మందు కొడుతూనే ఉండాలి.

పిచ్చుకల కోసం వరి కంకుల కుచ్చులు కట్టేవాళ్ళంటే నాకు చాలా ఇష్టం, మన కృష్ణా తీరం అందమే అది. కానీ గింజలు పెద్ద పిచ్చుకలకి, గూట్లో పిల్లల నోటికి అందించేది ముఖ్యంగా పురుగుల్నే. పురుగు లేని తోటలో గూడు పెట్టె తగిలిస్తే ఏం లాభం? పెట్టె పెడితే మాత్రం కన్నం 3 సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఉంచండి, అంతకంటే పెద్దదైతే గోరింకలు దూరతాయి. పావురాలకి బస్తాలకి బస్తాలు జొన్నలు పోసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. వాటికి మన దయ అక్కర్లేదు, ఆ రెట్టల దుమ్ము మన ఊపిరితిత్తులకి మంచిది కాదు.

రోహిణి కార్తెలో మా మిద్దె మీద కాలు పెట్టలేం. అప్పుడు నీడలో లోతులేని మట్టి మూకుడు, మధ్యలో తేనెటీగలు వాలడానికి ఒక రాయి, అంతే. నీళ్ళు రోజూ పారబోసి మార్చాలి. వారం పది రోజులు అలాగే వదిలేస్తే దోమల్ని పెంచినట్టే.

మందార, నూరువరహాలు ఉంటే తేనెపిట్ట వస్తుంది. పోయిన వేసవిలో మా దండెం తాడుకే గూడు కట్టింది, సాలెగూడు దారాలు, ఎండుటాకుల ముక్కలు కలిపి అల్లిన సంచి, పక్కన చిన్న గుమ్మం. బూజుకర్ర పట్టుకుని గోడలన్నీ దులిపేసి ఉంటే దానికి ఆ దారం ఎక్కడ దొరికేది? బట్టలు అవతలివైపు ఆరేయాల్సి వచ్చిందని ఇంట్లో కొన్నాళ్ళు సణుగుడు. పిల్లలు ఎగిరిపోయాక వాళ్ళే గూడు తియ్యనివ్వలేదు.

చిలకలు కావాలనిపిస్తే జామచెట్టు పెట్టుకోండి, పంజరం కాదు. రామచిలుక మన రాష్ట్ర పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టి అమ్మినా పెంచినా నేరమే.

ఇళ్ళ సంగతి సరే, పార్కులు చూస్తేనే ఒళ్ళు మండుతుంది. బందరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద ఎవరూ పట్టించుకోని పిచ్చిమొక్కల దగ్గర తీగ మీద లకుముకి పిట్ట, కింద కొంగ, పొదలో జీనువాయి కనబడతాయి. లక్షలు పోసి పెంచిన లాన్‌లో కాకి తప్ప ఏమీ ఉండదు. రాలిన ఆకు రాలినట్టే ఊడ్చి తగలబెడితే కప్పలు ఎక్కడ దాక్కోవాలి, గోరింకలు ఏం వెతుక్కోవాలి? ప్రహరీ పక్కన ఒక్క మూల ఊడవకుండా వదలమని మా కాలనీ పార్కు తోటమాలిని అడిగాను. "నాకేం అభ్యంతరం లేదమ్మా, ఆకు కనబడితే వాకింగుకొచ్చే పెద్దాళ్ళే కంప్లయింట్ చేస్తారు" అన్నాడు. అందుకని ఇప్పుడు వాకింగ్ బ్యాచ్‌తోనే మాట్లాడుతున్నా. ఇద్దరు సరే అన్నారు, ఒక మాస్టారు మాత్రం పాములొస్తాయని పట్టు వదలట్లేదు. జెర్రిపోతుకి విషం ఉండదు, ఎలకల్ని తింటుంది మాస్టారూ అని చెప్పాను. ఆలోచిస్తానన్నారు.