పాత విల్లాలోకి వెలుగు: పదకొండో వారం

హాలు కిటికీల పని ఈ వారంతో అయిపోయింది. ఈ ఇల్లు మొదలుపెట్టాక ఇంత సంబరపడింది ఇప్పుడే.

ముందు గోడ సగం కొట్టేసి పెద్ద అద్దం పెట్టాలన్నది నా మొదటి ఆలోచన. కొలతలు తీశాక మానుకున్నాను. హాలు లోతు 18 అడుగులు. కిటికీలు వెడల్పుగానే ఉన్నాయి కానీ పై అంచు 6 అడుగుల దగ్గరే ఆగిపోయింది. ఆపైన 5 అడుగుల గోడ ఊరికే ఉంది. కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉంటే, సుమారుగా దానికి రెండింతల లోతు వరకే పనికొచ్చే వెలుగు లోపలికి వస్తుంది. అంటే 12 అడుగులు దాటితే మసకే. అందుకని వెడల్పు జోలికి పోకుండా, పై అంచును ఎనిమిదిన్నర అడుగులకు లేపాం.

టెన్షన్ అంతా లింటెల్ దగ్గరే, అంటే కిటికీ మీద అడ్డంగా ఉండి పై బరువు మోసే దిమ్మె దగ్గర. గోడ మందం 14 అంగుళాలు, పైన స్లాబు బరువు. ఇంజినీరు చూసి సరేనన్నాకే ఉలి ముట్టుకున్నాం. స్లాబు కింద జాకీలు బిగించి, ముందు లోపలి వైపు నుంచి గోడలో సగం మందం మేర గాడి కొట్టి ఒక ఇనుప బీమ్ కూర్చాం. రెండు చివర్లూ 8 అంగుళాల చొప్పున గోడ మీద ఆనాయి. పై సందులో నీళ్లు తక్కువ కలిపిన గట్టి మాలు కూరి, అది గట్టిపడ్డాకే బయటి వైపు రెండో బీమ్. పాత లింటెల్ తీసింది చిట్టచివర. ఒక్కో కిటికీకి పది రోజులు పట్టింది. ఇక్కడ మాత్రం తొందర అసలు వద్దు.

గోడ అడుగున మూడడుగుల మేర పెచ్చులూడుతోంది. ఎవరో సున్నపు గోడ మీద సిమెంటు పూశారు, చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే నిలిచిపోయింది. అదంతా చెక్కేసి మళ్లీ సున్నంతోనే పూస్తున్నాం. పూతకు 10 మిల్లీమీటర్లు దాటనివ్వడం లేదు, ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కడుతున్నాం. పైన కూడా ప్లాస్టిక్ పెయింట్ వద్దనుకుని తెల్ల సున్నమే వేస్తాం.

వెనక గోడ దగ్గర ఫోన్‌ను నేల మీద వెల్లకిలా పెట్టి వెలుగు కొలిస్తే అప్పట్లో 35 లక్స్ (వెలుగును కొలిచే యూనిట్) ఉండేది. నిన్న అదే ఫోన్, అదే చోటు, అదే వేళ: 140. ఫోన్ లెక్క కచ్చితం కాకపోయినా తేడా కంటికే తెలుస్తోంది. ఆ మూల కూర్చుని లైటు వేయకుండా అరగంట చదువుకున్నాను.

మెట్ల దగ్గరి పడమటి కిటికీ మిగిలింది. దానికి లోపల కర్టెన్ కాకుండా బయట చెక్క పలకల నీడ కడదామనుకుంటున్నాను, ఎండ అద్దం దాటి వచ్చాక వేడి ఇక గదిలోనే ఉండిపోతుంది కాబట్టి. పలకల మధ్య ఎంత ఎడం ఉంచాలో చూడటానికి రేపు సాయంత్రం అట్టముక్కలు కట్టి చూస్తాను.