పెట్టె విప్పేవాళ్ళ కోసం

యుద్ధం జరిగే చోటికి పంపిన మందులు సరిహద్దులో ఆగిపోయాయంటే అక్కడి చెక్‌పోస్టువాళ్ళనే తిట్టుకుంటాం. వాళ్ళ మొండితనం ఉన్నమాటే. కానీ ఆపడానికి సాకు తరచూ చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాక్కంలో కార్గో పక్క గోదాములో మనం టేపు వేసిన పెట్టెలోనే దొరుకుతుంది. బీఫార్మసీ చదివి నెల్లూరు నుంచో తిరుపతి నుంచో చెన్నైకి మందుల ఎగుమతి పనికి వచ్చే మనవాళ్ళకు మొదటి వారంలోనే చెప్పాల్సిన సంగతులివి. ఎవరూ చెప్పరు, సరుకు ఎక్కడో ఇరుక్కున్నాక తెలుస్తాయి.

అన్నిటికన్నా ముందు మత్తుమందులు. గాయపడ్డవాళ్ళకు ఆపరేషన్ చేయాలంటే కెటమిన్, నొప్పి తగ్గాలంటే మార్ఫిన్, ఫిట్స్ ఆగాలంటే డయాజెపామ్ కావాలి. వీటి ఎగుమతికి గ్వాలియర్‌లోని కేంద్ర నార్కోటిక్స్ కార్యాలయం కాగితం ఉండాలి. కెటమిన్ అంతర్జాతీయ ఒప్పందాల జాబితాలో లేదు కదా, దానికి అక్కర్లేదు అనుకుంటారు కొత్తవాళ్ళు. మన దేశంలో 2011 నుంచి అది మత్తుపదార్థాల్ని కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందే ఉంది. నలభై పెట్టెల్లో ఒక్కదాంట్లో పది వయల్స్ కెటమిన్ కలిసిపోతే నలభై పెట్టెలూ ఆగుతాయి, సెలైన్, కట్టుగుడ్డలతో సహా. అందుకే వీటికి వేరే పెట్టె, వేరే ఇన్‌వాయిస్, వేరే ఎయిర్‌వే బిల్లు (విమానంలో సరుకు పంపే రసీదు). వీటికి నెల ఆలస్యమైనా మిగతాది వెళ్ళిపోతుంది. అసలు పంపకపోతే పీడా పోతుంది కదా అనే మేనేజర్లూ ఉంటారు. మత్తు లేకుండా కాలు తీసే పరిస్థితి ఎలా ఉంటుందో వాళ్ళు ఒక్కసారి ఊహించుకోవాలి.

డబ్ల్యూహెచ్‌ఓ, ఇతర సంస్థలు కలిసి రూపొందించిన అత్యవసర ఆరోగ్య కిట్ 10,000 మందికి 3 నెలలు సరిపోయేది. అందులో ప్రాథమిక భాగం వెయ్యి మందికి ఒకటి చొప్పున పది కట్టలుగా ఉంటుంది. డాక్టరు లేని పది చిన్న ఆరోగ్య కేంద్రాలకు అలాగే పంచేయొచ్చు. గోదాములో జరిగే పాపమేమిటంటే, ఒక పెట్టెలో ఖాళీ ఉందని పక్క కట్టలోవి దూర్చేయడం. ఇక్కడ ఒక పెట్టె మిగులుతుంది, అక్కడ ఒక కేంద్రానికి ఓఆర్‌ఎస్ ఉండదు.

పార్క్ టౌన్ నైనియప్ప నాయకన్ వీధిలో చవగ్గా దొరికాయని, ఎవరో ఉదారంగా ఇచ్చారని గడువు దగ్గరపడ్డ మందులు తీసుకోకండి. చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలన్నది డబ్ల్యూహెచ్‌ఓ విరాళాల నియమం. ఇళ్ళలో మిగిలిన స్ట్రిప్పులు, డాక్టర్ల శాంపిళ్ళు అసలే వద్దు. 1992 నుంచి 96 దాకా బోస్నియా యుద్ధంలో వచ్చిన విరాళపు మందుల్లో సగానికి పైగా పనికిరానివేనని తర్వాత తేలింది. వాటిని కాల్చి పారేయడం అదో ఖర్చు.

చలి పెట్టెల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కాన్పులో వాడే ఆక్సిటోసిన్, టెటనస్ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చెన్నై ఎండకు భయపడి ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను నేరుగా పెట్టెలో పెట్టేస్తారు. వేడికన్నా ఇదే ఎక్కువ చెడుపు చేస్తుంది. టెటనస్ టీకాలో అల్యూమినియం లవణం ఉంటుంది, ఒకసారి గడ్డకడితే అది ముద్దలు ముద్దలుగా విడిపోతుంది, మళ్ళీ కలవదు. సీసా మీది రంగు గుర్తు వేడినే పట్టిస్తుంది, గడ్డకట్టడాన్ని పట్టించదు. కాబట్టి ప్యాకులను బల్ల మీద ఒకే వరసలో పరచాలి. మీద చెమట పట్టాక ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టి ఊపాలి. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపిస్తే అప్పుడు పెట్టెలోకి. ఎన్ని నిమిషాలంటే చెప్పలేం. మే నెలలో ఒక లెక్క, డిసెంబరులో ఇంకో లెక్క, వాచీ చూడొద్దు. (మనం ‘ఐస్ చేయడం’ అంటాం, ఇక్కడి లోడర్లు ‘ఐస్ వెక్కిరదు’ అంటారు, రెండూ కాకాపట్టడమే. ఈ పని నేర్పేటప్పుడు నవ్వు తప్పదు.) దారి పొడవునా ఉష్ణోగ్రత రాసుకునే టెంపరేచర్ లాగర్‌ను ఐస్‌కు ఆనించకుండా సీసాల మధ్యలో పెట్టాలి, లేకపోతే అది ఐస్ చలినే రాసుకుంటుంది.

దారి పొడవునా చలి (కోల్డ్ చెయిన్) నిలవదని ముందే తెలిస్తే మందునే మార్చడం మేలు. ఆక్సిటోసిన్‌తో పాటు మిసోప్రోస్టాల్ మాత్రలు కూడా ఉంటే, ఫ్రిజ్ లేని చోట కాన్పు తర్వాత రక్తస్రావానికి అక్కరకొస్తాయి. వాటికి వేడికన్నా తేమ శత్రువు, రెండువైపులా అల్యూమినియం ఉన్న బ్లిస్టర్ పట్టీలే అడగండి. పిల్లలకు అమోక్సిసిలిన్ సిరప్ వద్దు, నీళ్ళలో కరిగే 250 మిల్లీగ్రాముల మాత్రలు చాలు. గాజుసీసాల బరువు, పగిలే భయం రెండూ తప్పుతాయి.

విమానంలో కిరాయి అసలు బరువు, ఘనపరిమాణపు బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 6,000తో భాగిస్తే పరిమాణపు బరువు కిలోల్లో వస్తుంది. 60×40×40 పెట్టెలో దూది ఆరు కిలోలే తూగినా పదహారు కిలోల లెక్క. సెలైన్ తద్విరుద్ధం, అర లీటరువి ఇరవై నాలుగు సీసాలంటే పన్నెండు కిలోల నీళ్ళే. దూదినీ సెలైన్‌నూ ఒకే బిల్లులో కలిపితే కిరాయి సర్దుకుంటుంది, పెట్టెలు మాత్రం వేరువేరుగానే ఉంచాలి. మార్గదర్శకాలు పెట్టెకు 50 కిలోలు దాటొద్దంటాయి. అది క్రేన్లున్న చోటి మాట. లారీ ఆగిపోయాక మోసేది మనిషి, ఇరవై కిలోలు దాటించకండి. పెట్టెలు పేర్చే చెక్క ప్యాలెట్ మీద, దాన్ని 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేసిన గుర్తుగా ఉండే హెచ్‌టీ ముద్ర లేకపోతే అక్కడి రేవులో వెనక్కి పంపొచ్చు.

పెట్టె మీద ఎర్ర క్రాసు ముద్ర వేయాలనిపిస్తుంది. వేయకండి. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ గుర్తు వాడటం ఇక్కడ నేరం. యుద్ధభూమిలో దాన్ని ఇష్టానుసారం వాడితే నిజంగా హక్కున్న అంబులెన్సుల్ని నమ్మేవాళ్ళు తగ్గిపోతారు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 23వ అధికరణం పౌరులకు వెళ్ళే వైద్య సరుకును అడ్డుకోవద్దంటుంది, కానీ అది దారి మళ్ళుతుందన్న గట్టి అనుమానం ఉంటే ఆపే వీలూ ఇస్తుంది. ఆ అనుమానం రాకుండా చేసేవి కాగితాలే. ‘మెడికల్ సామగ్రి, 40 పెట్టెలు’ అని రాసేస్తే ప్రతి పెట్టే విప్పిస్తారు.

ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పంపితే ఫిల్టర్లు విడిగా, వోల్టేజ్ స్టెబిలైజర్ దానితోపాటు ఉండాలి. జనరేటర్ కరెంటు ఊగిసలాటకు కంప్రెసర్లు పోతాయి, దుమ్ముకూ తేమకూ లోపల గాలిలోని నైట్రోజన్‌ను పట్టుకునే జియోలైట్ చెడిపోతుంది. గాజాలో మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్ పట్టదు, అడాప్టర్ కట్టి పంపాలి.

గాజా కోసం 2023 అక్టోబరు 22న భారత్ పంపిన సాయంలో 6.5 టన్నులు మందులే, అవి దిగింది ఈజిప్టులోని అల్ అరీష్‌లో. అక్కడి నుంచి గాజా సరిహద్దు రఫాకు దాదాపు 45 కిలోమీటర్లు. సూడాన్‌లోని దార్ఫుర్‌కు పక్క దేశం చాద్ నుంచి వెళ్ళే అద్రే దారిని 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు, వానాకాలంలో వాగులు పొంగి అదీ తెగుతుంది. ఈ దారుల్లో సరుకు దింపి, మళ్ళీ ఎక్కించి, విడదీస్తూనే ఉంటారు. మనం కట్టిన ప్యాలెట్ అలాగే చేరుతుందనుకోకండి. ప్రతి పెట్టె మీద ‘7/40’ లాంటి అంకె, రెండు పక్కల జనరిక్ పేర్లు, బ్యాచ్ నంబరు, గడువు ఉండాలి. సూడాన్‌కైతే అరబిక్‌లో కూడా. జాబితా ఒకటి బయట ప్లాస్టిక్ కవరులో, ఇంకొకటి మూత తీయగానే కనిపించేలా లోపల అతికించాలి. బయటిది వానకు తడిసిపోతుంది.